రాయిస్ దొరగారి జీవితము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు సమీపమున చౌమహల్లా భవనము గలదు. అచ్చట నిజాము ప్రభువుల మోటారు బండ్లను ప్రదర్శించుచోట పసుపుపచ్చని పాతకాలపు కారొకటి చూపరులను నిలువబెట్టుచుండును. ఆఱవ నిజామగు మహబూబ్ అలీ ఖాన్ గారు దీనికొఱకు ఇంగ్లండునకు ఉత్తరువు పంపిరి. కాని బండి సిద్ధము కాకమునుపే, 1911 వ సం. ఆగస్టు నెలలో, వారు కాలధర్మము నొందిరి. ఏడవ నిజామగు ఉస్మాన్ అలీ ఖాన్ గారి కాలమున అది మన నగరము చేరెను. లండనులోని బార్కరు కంపెనీవారు దాని పైకట్టును చేసిరి. వెనుకభాగమున సింహాసనమువలె ఎత్తయిన ఆసనము నమర్చిరి. ఉత్సవములకు మాత్రమే బయటికి తీయబడుటచే అది ఇన్నేండ్లలో కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగినదట. చూచువారు దాని రంగును, ఆసనమును మెచ్చుకొని వెడలిపోదురు. ముందరి మూత క్రింద నున్న యంత్రమును గూర్చి అడుగువారు అరుదు. ఆ యంత్రమును నిర్మించిన రాయిస్ దొరగారి చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపదలచితిమి. కదలని బండి ఎదుట నిలిచి ఆలోచించుట యెట్లో ఆయనవలన నేర్చుకొనదగినంతగా మఱియొకనివలన నేర్చుకొనలేమని మా యభిప్రాయము.

ఫ్రెడరిక్ హెన్రీ రాయిస్ 1863 వ సం. మార్చి 27 వ తేదీన, పీటర్‌బరో పట్టణమునకు దగ్గరనున్న ఆల్వాల్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి పిండిమర నడుపువాడు. ఐదుగురు బిడ్డలలో హెన్రీ కడపటివాడు. మర నష్టములలో పడగా కుటుంబము లండను చేరెను. అచ్చటను రోజులు బాగుపడలేదు. 1872 లో తండ్రి బీదల ఆశ్రమమున కన్నుమూసెను. అప్పటికి హెన్రీకి తొమ్మిది సంవత్సరములు. ఆ బాలుడు రైలు స్టేషనులలో వార్తాపత్రికలు అమ్మెను. కొంచెము పెద్దవాడైన పిమ్మట గొప్పవారి వీధులలో తంతి వార్తలు ఇంటింటికి చేర్చెను. అతడు బడికి పోయినది మొత్తము మీద ఒక సంవత్సర కాలము మాత్రమే. సీమనుండి వచ్చిన ప్రతివానిని దొర యని పిలుచుట మనకు వాడుక. ఈ పిల్లవానికి మాత్రము దొరతనము ఆవగింజంతయు లేకుండెను. కొన్ని దినములు తిండియే లేకుండెను.

పదునైదవ యేట ఒక బంధువురాలు కనికరించి, ఏటికి 20 పౌనులు చెల్లించి, పీటర్‌బరోలోని గ్రేట్ నార్తరన్ రైల్వే కార్ఖానాలో పని నేర్చుకొనుటకు చేర్చెను. అతడు బసచేసిన యింటివాని దొడ్డిలో చిన్న పనిపాక యుండెను. అందు తిరుగుడు పట్టకమును, ఆకురాళ్లును ఉండెను. పగలు రైల్వేలో నేర్చినదానిని రాత్రులు అచ్చట చేతికి మరగించుకొనెను. మూడేండ్లు గడచునప్పటికి ఆమె దగ్గర సొమ్ము నిలిచిపోయెను. శిక్షణ ముగియలేదు, ముగిసినట్లు పత్రమును లేదు. జీతము కట్టలేక నడుమ చదువు మానిన పిల్లలు ఈ పాఠశాలను ఎఱిగినవారికి క్రొత్తవారు కారు. వారి కథ ఇచ్చటనే తెగిపోవుట మేము చూచుచునే యున్నాము. హెన్రీ పనికొఱకు ఊరూరు తిరిగి, తుదకు లీడ్స్ పట్టణమున పనిముట్లు చేయు కంపెనీలో వారమునకు 11 షిల్లింగులకు కుదిరెను. తరువాత లండనులో విద్యుద్దీపముల కంపెనీలో చేరి, పగలు పనిచేసి రాత్రి తరగతులలో విద్యుచ్ఛాస్త్రమును చదివెను. ఆ కంపెనీ అతనిని లివర్‌పూలు నగరమున వీధిదీపముల పనికి పంపెను. కొలది కాలమునకే కంపెనీ మూతపడగా ఇరువది యొక్కటవ యేట మరల వీధిలో నిలిచెను.

అప్పుడు, అనగా 1884 లో, కూడబెట్టిన 20 పౌనులు చేతబట్టుకొని మాంచెస్టరు నగరమున కుక్ వీధిలో సొంత కార్ఖానా తెరచెను. ఎర్నెస్టు క్లేర్‌మంట్ అను మిత్రుడు 50 పౌనులు తెచ్చి పాలివాడయ్యెను. ఇద్దఱును కార్ఖానాపై గదిలో కాపురముండి, రంగు కాల్చు పొయ్యిమీదనే వంట చేసికొనెడివారని చెప్పుదురు. మొదట విద్యుద్ఘంటలు, దీపపు పిడులు చేసిరి. తరువాత డైనమోలు, బరువులెత్తు క్రేనులు చేసిరి. డైనమోలో తిరుగుభాగము మీద బ్రష్షులు ఒరయుచోట రవ్వలు లేచుట ఆ దినములలో సామాన్య దోషము. రవ్వలు లేచినచోట లోహము అరిగిపోవును. నూలు మిల్లులవంటి చోట్ల అగ్నిప్రమాదమును గలదు. రాయిస్ ఈ రవ్వను అణచుటకై యేండ్లకొలది శ్రమించి, రవ్వలేని మంచి డైనమోలకు పేరు పొందెను. మీదట ఆయన జీవితమును మార్చినదియు రవ్వయే. అయితే అది పుట్టవలసిన వేళకు పుట్టని రవ్వ.

కొత్త శతాబ్దము వచ్చునప్పటికి పోటీ హెచ్చి, వ్యాపారము సన్నగిల్లెను. రాయిస్ తిండి, నిద్ర లెక్కచేయక పనిచేయువాడు. ఒక కుఱ్ఱవాడు పాలగ్లాసు పట్టుకొని కార్ఖానాలో ఆయన వెంట తిరిగెడివాడట. దేహము చెడెను. విశ్రాంతి కావలెనని వైద్యులు చెప్పిరి. ఆ కాలముననే ఆయన ఫ్రాన్సు దేశపు డికోవిల్ కంపెనీవారి రెండు సిలిండరుల పాతకారును కొనెను. అది రైలులో మాంచెస్టరు చేరినప్పుడు ఎంత త్రిప్పినను యంత్రము మేల్కొనలేదనియు, మనుష్యులచే త్రోయించుకొని కుక్ వీధికి తెచ్చుకొనవలసి వచ్చెననియు చెప్పుదురు. కొనిన బండిని మొదటి దినముననే వీధివెంట త్రోయించుకొని వచ్చుట ఎవనికైనను తలవంపే. మఱియొకడైన అమ్మినవానిని తిట్టి, తిరిగి యమ్మివేసియుండును. రాయిస్ దానిని కార్ఖానాలోనికి తెచ్చి, ఒక్కొక్క భాగమును విప్పి, ఏది యెందుకు చెడుచున్నదో కనిపెట్టుటకు కూర్చుండెను.

న్యాయముగా చెప్పవలెనన్న ఆ ఫ్రెంచి బండి నాటి బండ్లలో చెడ్డది కాదు. దాని రోగములు అన్ని బండ్లకును ఉన్నవే. మొదటిది రవ్వను పుట్టించు అమరిక. అది తడియైనను, తీగ వదులైనను పలుకదు. రెండవది పెట్రోలును గాలిని కలుపు కార్బురేటరు. అది ఒక్కొక్క వేగమున ఒక్కొక్క పాలు కలుపును. మూడవది అదురు, అదురుచే బిగించినవి వదులగును, వదులైనవి తెగును. నాలుగవది వేడి. ఈ నాలుగింటిలో రాయిస్ చేతికి బాగుగా తెలిసినది మొదటిది. ఇరువదేండ్లు రవ్వను చంపుటకు నేర్చినవానికి రవ్వ బ్రదుకుట దేనివలననో తెలియకుండునా? తీగల ముడులను, పింగాణీ పిడులను, కాయిలును సొంతముగా చేయించెను.

ఇచ్చట కథ నొకింత ఆపి, మోటారు పని నేర్చుకొనగోరు పిల్లలకు ఒక సంగతి చెప్పుట అనుచితము కాదని తలచెదము. మన దేశమున 1970, 80 దశాబ్దములలో పెట్రోలు వెల పెరిగినప్పుడు, పాత అంబాసిడరు, ఫియెట్ కారులనుండి పెట్రోలు యంత్రమును దించి డీజిలు యంత్రము నెక్కించుట విరివిగా సాగెను. చెడిన యంత్రమునకు బదులు మఱియొక బండి యంత్రమును బిగించుట మన నగరపు కార్ఖానాలలో కొత్త కాదు. దింపుట యొకనాడు, ఎక్కించుట రెండునాళ్లు. తీరా తాళము త్రిప్పగా బండి పలుకదు! యజమాని గుమ్మమున నిలిచియుండును. అప్పుడు తొందరపడు మిస్త్రీ కంటికి కనబడిన సామానునెల్ల మార్చివేయును. కొత్త ప్లగ్గులు, కొత్త కాయిలు, కొత్త పంపు వచ్చును. ఖర్చు పెరుగును, బండి మాత్రము కదలదు.

రాయిస్ పద్ధతి వేఱు. ఈ యంత్రము మొన్నటివఱకు వేఱు బండిలో నడచినదేకదా. ఈ బండి మొన్నటివఱకు వేఱు యంత్రముతో నడచినదేకదా. కాబట్టి రెండును మంచివైనప్పుడు దోషము చాలవఱకు మన చేయి విప్పి తిరిగి బిగించినచోటనే యుండును. వెదుకవలసినది అతుకులలో. స్టార్టరు టక్కుమని ఊరకుండినను, నీరసముగా తిరిగినను, దీపములు మాత్రము కాంతిగా వెలుగుచుండినను, ముందుగా ఎర్తు తీగను చూడవలెను. యంత్రము రబ్బరు దిమ్మల మీద కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. యంత్రమునుండి చట్రమునకు గట్టి తీగ బిగింపనిచో కరెంటునకు తిరుగు దారి లేదు. అట్టిచో అది ఆక్సిలరేటరు తీగగుండ దారి చేసికొని, ఆ సన్నని తీగను కాల్చుటయు గలదు. ఒక రూపాయి బోల్టు వదులై యుండగా వేల రూపాయల స్టార్టరును మార్చినవారు కలరు.

యంత్రము చక్కగా తిరిగియు రగులుకొననిచో, రవ్వ కలదా, పెట్రోలు కలదా యని వేఱువేఱుగా చూడవలెను. రెండింటిని ఒకేసారి కదపరాదు; కదపినచో ఏది రోగమో ఏది మందో తెలియకపోవును. రవ్వయుండియు కార్బురేటరులోనికి చిటపటమని మంట తిరుగగొట్టినచో వేళ తప్పినదని గ్రహింపవలెను. నాలుగు సిలిండరుల యంత్రములు పెక్కింట రవ్వ 1-3-4-2 అను వరుసలో పోవును. రెండు తీగలు తారుమారైన చాలును. మఱియొక మోసము కలదు. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పుడు డిస్ట్రిబ్యూటరు ఒక్క చుట్టే తిరుగును. కనుక పిస్టను పైకి వచ్చుట రెండుసార్లు, అందులో ఒకసారి మాత్రమే గాలి కుదింపబడియుండును. ఇది గమనింపక బిగించినచో డిస్ట్రిబ్యూటరు సరిగా అర చుట్టు తప్పి కూర్చుండును. గుర్తులన్నియు కలిసినట్లే కనబడును, బండి మాత్రము పలుకదు. డీజిలు యంత్రమున రవ్వ యనునది లేదు. అందు గొట్టములలో చిక్కిన గాలిని బయటికి పంపనిదే చమురు చేరదు. నేటి బండ్లలో దోషము తీగలోను గొట్టములోను గాక, కంప్యూటరు పెట్టె క్రొత్త తాళమును గుర్తింపకపోవుటలో నుండుటయు గలదు. వెదుకు క్రమము మాత్రము నూఱేండ్లనుండి అదియే.

మరల కథకు వత్తము. 1903 లో రాయిస్ తన సొంత యంత్రమును సిద్ధపఱచి పరీక్షించెను. 1904 వ సం. ఏప్రిలు 1 వ తేదీన, మొదటి రాయిస్ కారు కుక్ వీధిలో బయలుదేరెను. పనివాండ్రు సుత్తెలతో ఇనుపబల్లలను మ్రోగించి సాగనంపిరి. ఆయనయే తోలుకొని సుమారు 15 మైళ్ల దూరముననున్న నట్స్‌ఫర్డు ఊరి యింటికి చేరెను. దారిలో ఆగలేదు. నవ్వులాట దినమని పేరుపడిన ఏప్రిలు ఒకటవ తేదీని ఎన్నుకొనుట ఆయన ఉద్దేశపూర్వకముగా చేసెనో లేదో గాని, నవ్వినవారు లేరు.

అట్టి కార్లు మూడు చేసెను. హెన్రీ ఎడ్మండ్స్ అను మిత్రునివలన ఈ వార్త చార్లెస్ రోల్స్ అను యువకునికి చేరెను. ఈతడు ప్రభువు కుమారుడు. కేంబ్రిడ్జిలో చదివి, లండనులో ఫ్రెంచి కార్లను అమ్ముచుండెను. 1904 మే 4 వ తేదీన మాంచెస్టరులోని మిడ్‌లాండు హోటలులో వీరిద్దఱును కలిసికొనిరి. ఒకడు బీదల ఆశ్రమమున చనిపోయినవాని కొడుకు, మఱియొకడు ప్రభువు ఇంట పెరిగినవాడు. వీరి స్నేహమునకు మూలము ఒక చిన్న కారు మౌనముగా నడచుటయే. 1906 మార్చిలో రోల్స్-రాయిస్ కంపెనీ నమోదయ్యెను. ఈ రెండు పేర్లను కలిపి నిలిపినవాడు క్లాడ్ జాన్సను అను వ్యవహర్త. ఆయనను పేరులోని అడ్డగీతయని పరిహాసముగా పిలిచెడివారు.

ఆ సమయముననే రాయిస్ గట్టి దెబ్బ తినెను. ఆఱు సిలిండరుల 30 గుఱ్ఱముల బలము గల కారులో క్రాంకు కడ్డీలు విఱుగసాగెను. కడ్డీ సన్నమైనదని లావు చేసి ఊరకుండుట తేలికయైన మార్గము. పొడుగాటి కడ్డీ ఒక్కొక్క వేగమున తనలో తాను మెలిపడి అదురుటయే కారణమని ఆయన కనిపెట్టెను. క్రొత్త యంత్రమున మూడేసి సిలిండరులను ఎదురెదురుగా అద్దములో నీడవలె అమర్చి, కడ్డీని బలపఱచి, ఏడు చోట్ల ఆధారమిచ్చి, అదురును మ్రింగు చిన్న సాధనమును ముందుకొనలో అమర్చెను. ఇదియే 1906 లో వెలువడిన 40/50 గుఱ్ఱముల కారు. దానికే సిల్వరు గోస్టు అని పేరు వచ్చెను. చౌమహల్లాలోని పసుపుపచ్చని కారు ఈ జాతిదే.

1907 లో ఈ కారును లండను, గ్లాస్గో నగరముల నడుమ పరీక్షకుల కండ్ల యెదుట 15,000 మైళ్లు నడిపిరి. 629 మైళ్లు పోయినతోడనే బండి నిలిచిపోయెను! యంత్రమున ఏమి విఱిగినదో యని అందఱును కలవరపడియుందురు. విఱిగినది ఏమియు లేదు. దారి అదురుచే పెట్రోలు కుళాయి తనంతట తాను మూసికొనెను. తెఱువగా నిమిషములో బండి బయలుదేరెను. మిగిలిన 14,371 మైళ్లును అనుకొనని ఆగుట లేకుండ పరుగిడెను. పరీక్ష ముగిసిన పిమ్మట విడిభాగములు విప్పి కొలువగా, అరిగినవానిని క్రొత్తగా మార్చుటకైన వ్యయము 2 పౌనుల 2 షిల్లింగుల 7 పెన్నీలు మాత్రమే. జనులు ఈ పదునాలుగు వేల మైళ్లను పొగడుదురు. మా మట్టుకు మేము ఆ కుళాయి సంగతినే మా పిల్లలకు ముందు చెప్పుదుము.

సిల్వరు గోస్టున ఒక్కొక్క సిలిండరునకు రెండు ప్లగ్గులుండెను. ఒకదానికి మాగ్నెటోనుండియు, రెండవదానికి బ్యాటరీ కాయిలునుండియు రవ్వ వచ్చును. ఒకటి తప్పినను రెండవది నడిపించును. యంత్రము వెచ్చగానుండి, ఆగునప్పుడు సిలిండరులలో పెట్రోలు ఆవిరి మిగిలియున్నచో, హ్యాండిలు త్రిప్పనక్కఱలేక, మీట నొక్కి రవ్వను పంపినంతనే అది లేచుటయు గలదు. విద్యుత్తుతో తిరుగు స్టార్టరు ఈ జాతి కార్లకు 1919 లో గాని రాలేదు. కనుక నిజాము ప్రభువుల కొలువునకు వచ్చిన బండి చల్లగా నున్నప్పుడు మనుష్యుని చేతిబలముచేతనే మేల్కొనవలసినదై యుండెను.

రాయిస్ గుణములనే చెప్పి దోషములను దాచుట చరిత్ర కాదు. ఆయన కోపిష్ఠి. పని చెడిపిన వానిని అక్కడికక్కడ తొలగించుచుండెను. తాను ఆకలి మఱచినట్లే ఇతరులును మఱువవలెనని ఎదురుచూచుచుండెను. దాంపత్యము ఆ పనివేడిలో ఎండిపోయెను. దేహమును చేతులార పాడుచేసికొనెను. యంత్రమున చిన్న చప్పుడు విని కారణము వెదకినవాడు తన దేహపు మొఱ విననేలేదు. 1910 జూలై 12 న రోల్స్ విమాన ప్రమాదమున మరణించెను. మఱుసటి యేట రాయిస్ మంచము పట్టెను. 1912 లో గొప్ప శస్త్రచికిత్స జరిగెను. బ్రతుకు కొలదికాలమే యని వైద్యులు తలచిరి. జాన్సను ఆయనను ఫ్రాన్సు దక్షిణతీరమునకు తీసికొనిపోయి, అచ్చట ఇల్లు కట్టించి, ఒక నర్సును నియమించి, డర్బీలోని కార్ఖానాకు పోకుండ కట్టుదిట్టము చేసెను. ఆయన ఆ తరువాత ఇరువది యొక్క సంవత్సరములు బ్రతికెను; ఆ సంవత్సరములన్నియు ఇంటనుండియే పటములు పరీక్షించి, జాబులమూలమున కార్ఖానాను నడిపించెను.

1912 లోనే ఆయన బండి ఒకటి ఆల్ప్స్ కొండలలో కాట్ష్‌బర్గ్ కనుమ యెక్కుచు నడిమిలో నిలిచి, మరల కదలలేకపోయెను. మనుష్యులను దింపి బరువు తగ్గించిన గాని అది సాగలేదు. పత్రికలవారు దీనిని కప్పిపుచ్చలేదు. యంత్రమునకు బలము చాలదని కొందఱనిరి. బలము చాలును, గేర్లు మూడే యుండుట చాలదని రాయిస్ గ్రహించి నాలుగవదానిని చేర్చెను. 1913 లో అదే కొండలపై ఆయన కార్లు అందఱికంటె మిన్నగా నడచెను.

యుద్ధము వచ్చినప్పుడు విమానములకు ఈగిల్ అను యంత్రమును నిర్మించెను. 1919 జూన్ 14, 15 తేదీలలో ఆల్కాక్, బ్రౌను అను వీరులు అట్లాంటిక్ సముద్రమును ఆగకుండ దాటిన విమానమున రెండు ఈగిల్ యంత్రములుండెను. సముద్రము నడుమ ఆగిన యంత్రమును దిగి చూచుటకు వీలులేదుకదా! చివరి యేండ్లు ఇంగ్లండు దక్షిణతీరమున వెస్ట్ విట్టరింగ్ పల్లెలో గడపెను. 1928 ప్రాంతమున ఆ తీరపు ఇసుకలో కఱ్ఱతో గీసి తన ఇంజనీర్లకు ఒక క్రొత్త విమానయంత్రపు రూపు చూపెనని చెప్పుదురు. ఆ యంత్రముతో బ్రిటిషువారు 1929, 1931 సం. లలో ష్నైడరు పందెము గెలిచిరి. 1931 సెప్టెంబరులో ఆ యంత్రము గల విమానము గంటకు 400 మైళ్లకు మించి పరుగిడెను. 1930 లో రాజు ఆయనకు సర్ బిరుదమును వంశపారంపర్యముగా నిచ్చెను. ఆయనకు సంతానము లేకుండుటచే అది ఆయనతోనే ముగిసెను. తన వృత్తి యేమని అడిగినవారికి మాత్రము తాను మెకానిక్కునని చెప్పుచుండెను.

1933 వ సం. ఏప్రిలు 22 వ తేదీన, డెబ్బదియవ యేట, ఆయన తన యింట కన్నుమూసెను. అంతకు కొలది దినములకు ముందే, పక్కమీద లేచి కూర్చుండి, బండి చక్రములకు అదురు తగ్గించు సాధనమొకటి కాగితముపై గీసి కార్ఖానాకు చేర్పుమని నర్సు చేతికిచ్చెనట. ఆయన చితాభస్మమును మొదట డర్బీలో నుంచి, తరువాత తండ్రి పిండిమర నడపిన ఆల్వాల్టన్ పల్లెలోని చిన్న చర్చికి చేర్చిరి.